హాలండ్‌లో నేర్చుకొచ్చిన జవాబు

పోయిన వారం తెల్లాపూర్‌లో మా బావగారి సంవత్సరీకం జరిగింది. పంతులుగారు వెళ్ళిపోయి, వచ్చిన నలుగురికీ వడ్డనలు అయ్యాక, మా అక్క కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుని, నాన్న తన జబ్బు సంగతి అంతా తెలుసుకుని, మాట్లాడుకోవలసినవన్నీ మాట్లాడుకుని వెళ్ళారని, పాపం అమ్మే ఏమీ తెలియకుండా పోయిందని, ఒకందుకు అదీ మంచిదేనని తన ఆఫీసు స్నేహితురాళ్ళతో అంది. నేను మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని కిటికీలోంచి బయటి అపార్ట్‌మెంట్ల గుంపు వైపు చూశాను. ఏమీ తెలియకుండా పోయిందన్న ఆ మాట ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లో వినపడుతూనే ఉంది. మా బావగారు తన జన్మలో చేసిన ఒకే ఒక్క మంచిపనిలా దాన్ని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఆయన కూడా లేరు కనుక, ఇవాళ నేను దీన్ని రాయవచ్చుననుకుంటున్నాను.

తొంభైల చివర నగరానికి ఈ పడమటి వైపు ఎలా ఉండేదో నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు. నేను అప్పటికి పెళ్ళి కాని పిల్లను, మూసాపేటలో అక్కా బావగార్ల దగ్గర ఉండేదాన్ని. కిరాయి ఇల్లు, ముందు భాగంలో ఇంటి ఓనరమ్మ, వెనక మేము. బావగారిది ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, పాప అప్పుడు మూడో తరగతి. నేను అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, మాదాపూర్ బండల మధ్య కొత్తగా వెలిసిన ఒక కంపెనీలో చేరాను. మధ్యాహ్నాలు రాళ్ళు పేల్చేవాళ్ళు ఈల వేస్తే కంపెనీ బస్సు ఆగిపోయేది, ఆ దుమ్ము సర్దుకునే దాకా మేమంతా కిటికీలు మూసుకుని కూర్చునేవాళ్ళం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాశారు కనుక రెండువేలు వచ్చేసరికి కంప్యూటర్లన్నీ తికమక పడతాయన్న భయం అప్పుడు ప్రపంచమంతా ఉండేది. ఆ భయమే మా తరానికి అన్నం పెట్టింది. ఆ పని మీదే తొంభై ఎనిమిది చివర నన్ను హాలండ్ పంపించారు.

పెళ్ళి కాని పిల్లను ఒంటరిగా దేశం కాని దేశం ఎలా పంపుతారని చుట్టాలు ముక్కున వేలేసుకుంటే, వాళ్ళందరికీ సర్దిచెప్పింది బావగారే. అక్క కోఠీలో నేపాలీవాళ్ళ దగ్గర బేరమాడి స్వెట్టర్ కొనిపెట్టింది, కందిపొడి కొట్టింది, అక్కడ నీళ్ళు పడతాయో లేదోనని బెంగపడింది. అప్పటికే తనకు అన్నం సరిగా సహించడం లేదు. గ్యాస్ ట్రబులని వాము నమిలేది.

హాలండ్‌లో నన్ను మొదట ఏడిపించింది చలి కాదు, మొహమాటం. ఆఫీసులో కాఫీ కావాలా అని అడిగితే మనవాళ్ళ అలవాటు ప్రకారం వద్దండీ అన్నాను. మళ్ళీ అడగలేదు. మర్నాడూ అంతే. కావాలంటే కావాలనాలి, వద్దంటే వద్దు, బతిమాలడాలు లేవు. నా ప్రోగ్రాము బాగా లేకపోతే అందరి ముందూ బాగా లేదని చెప్పి, ఆ వెంటనే నవ్వుతూ వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళు. వీళ్ళకు మనసనేది ఉందా అని నేను అక్కకు ఉత్తరాల్లో వాపోయేదాన్ని.

మా జట్టుకు పెద్ద ఒక డచ్ ఆయన, అరవైకి దగ్గరగా ఉంటాడు, ఎంత వానలోనైనా సైకిలు మీదే వచ్చేవాడు. మేము సరిచేస్తున్న ప్రోగ్రాముల్లో చాలా భాగం ఆయన కుర్రతనంలో రాసినవే. ఒకరోజు పొద్దున్న కాఫీ వేళ, అందరూ ఉండగా, తన కడుపులో క్యాన్సర్ ఉందని, అది తగ్గేది కాదని, వసంతం దాకా ఆఫీసుకు రాగలనని డాక్టరు అన్నాడని చెప్పాడు. ఒకామె నొప్పిగా ఉందా అని అడిగింది. ఇంకొకరు మీ పనులు ఎవరికి అప్పగిస్తారని అడిగారు. ఒక పొడుగాటి అతన్ని చూపించి, నా శవపెట్టె మోసేవాళ్ళు ఒకే ఎత్తు ఉంటే బాగుంటుంది, నువ్వు మోస్తావా అని ఆయన అడిగితే, అతను మోస్తానని చెప్పి కప్పు కడుక్కోవడానికి వెళ్ళాడు. మన ఇళ్ళల్లో అలాంటి మాట ఎవరైనా అంటే తథాస్తు దేవతలుంటారని నోరు మూయించమూ?

తర్వాత ఆయన తన ప్రోగ్రాములను నాకు అప్పగించడానికి రోజూ నా పక్కన కూర్చునేవాడు. తాను చూడబోని సంవత్సరం కోసం ఆ మనిషి అంకెలు దిద్దుతూ ఉండేవాడు. ఉండబట్టలేక ఒకసారి, మీకేమీ కాదు, తగ్గిపోతుంది, మా ఇంటి దేవుడికి మొక్కుకున్నాను అన్నాను. ఆయన కోప్పడలేదు. కప్పు కింద పెట్టి, మా పొరుగాయన కూడా తగ్గిపోతుందనే అంటాడు, ఆ మాట అన్నాక ఇక నేను మాట్లాడటానికి ఏమీ మిగలదు, నీకేమైనా అడగాలని ఉంటే అడుగు, నేనేమైనా అడిగితే జవాబు చెప్పు, నాకు అది చాలు అన్నాడు. అప్పటిదాకా రాళ్ళు అనుకున్న మనుషులను నేను ఆ రోజు నుంచి వేరేగా చూడటం మొదలుపెట్టాను. అడిగేదాన్ని, భయంగా ఉందా అని కూడా అడిగాను. ఉందని చెప్పాడు. చెప్పాక కాసేపు తేలిగ్గా ఉన్నట్టు కనిపించేవాడు. వసంతం రాకముందే రావడం మానేశాడు. ఆయన పెట్టెను మోసిన వాళ్ళంతా నిజంగానే ఒకే ఎత్తులో ఉన్నారు.

నేను తిరిగి వచ్చేసరికి బేగంపేట విమానాశ్రయంలో నా ఎదురుగా నిలబడింది మా అక్కేనా అని ఒక్క క్షణం తడబడ్డాను. భుజాల మీద చీర నిలవడం లేదు. ఆదివారాలు ఫోన్లో అంతా బాగానే ఉందన్న బావగారే, ఆ సాయంత్రం నన్ను డాబా మీదకు తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పారు. డాక్టరు అక్కను బరువు చూసుకోవడానికి బయటికి పంపి, మగవాళ్ళెవరైనా వచ్చారా అని అడిగాడట. బావగారు లోపలికి వెళ్ళారు, క్యాన్సరని, చేయగలిగిందేమీ లేదని విన్నారు, బయటికి వచ్చి అల్సర్ అని చెప్పారు. అప్పటి నుంచీ చుట్టాలు, ఆఫీసువాళ్ళు, వీధిలో అందరికీ తెలుసు, అక్కకు తప్ప. దేశం కాని దేశంలో ఉన్నానని నాకూ చెప్పలేదు. నేను అక్కకు చెప్పాలన్నాను. బావగారు రెండు చేతులూ జోడించారు.

"నీకు దణ్ణం పెడతానమ్మా, ఆ మాట ఒక్కటి దానితో అనకు. ఉన్నన్ని రోజులైనా నవ్వుతూ ఉండనీ."

ఆయనను ఎదిరించే నోరు నాకు లేదు, అంత మంచి మనిషి. ఇంటి ఓనరమ్మకు మాత్రం ఈ దాపరికం నచ్చలేదు. బియ్యం ఏరుకుంటూ నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

"ఏంది బిడ్డా, గిట్ల ఎన్ని దినాలు దాస్తరు? ఆమె పానం సంగతి ఆమెకు ఎరుక ఉండొద్దా?"

అప్పుడే ప్రగతి నగర్‌లో చెరువుకు కాస్త దూరంగా బావగారు కొన్న స్థలంలో ఇల్లు కడుతున్నారు. అక్కకు ఆ ఇల్లే లోకం. పూజగది ఎటు ఉండాలి, వంటగట్టు ఎంత ఎత్తు ఉండాలి, పాప గదికి ఏ రంగు వేయాలి అని ఒకటే ఆలోచన. అందరం తల ఊపేవాళ్ళం. ఒక శనివారం పొద్దున్న నన్ను తోడు తీసుకుని ఆటోలో వెళ్ళింది. మెట్లు ఎక్కబోయి ఎక్కలేక, సిమెంటు బస్తాల మీద కూర్చుంది. కాసేపు ఊపిరి పీల్చుకుని, నా వైపు చూడకుండా ఇంటి వైపే చూస్తూ అడిగింది.

"నిజం చెప్పవే. ఈ ఇంట్లోకి నేను వస్తానంటావా?"

ఛ, అవేం మాటలక్కా అనబోయాను, మాట పెదాల దాకా వచ్చేసింది కూడా. అది అన్నాక తనకు మాట్లాడటానికి ఏమీ మిగలదని అప్పుడు గుర్తొచ్చింది. తన చెయ్యి పట్టుకుని, లేదక్కా అన్నాను. జబ్బు పేరు కూడా చెప్పాను.

తను ఏడవలేదు. ఎవరెవరికి తెలుసని అడిగింది. అందరికీ అని చెప్పాను. పాపకు కూడానా అంది. పాపకు తెలియదన్నాను. ఆ "అందరికీ" దగ్గర తన ముఖం నల్లబడింది. చావు కన్నా కూడా, తను కొత్తింటి గురించి మురిసిపోతూ చెబుతుంటే ఇంతమందీ తెలిసి తల ఊపారన్నదే తనను ఎక్కువ కోసింది. లేచి, కొంగు సర్దుకుని, వంటగట్టు కడుతున్న పాలమూరు మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, దాన్ని ఇంకాస్త ఎత్తు చేయమంది.

"మొన్ననే గింతే సాలంటివి గదమ్మా," అన్నాడు అతను.

"పాప వాళ్ళ నాన్న పొడుగు వస్తుందయ్యా. దానికి నడుము వంగకూడదు," అంది అక్క.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒకే ఒక్క మాట అడిగింది, తనకు తెలుసని బావగారికి తెలియనివ్వవద్దని. ఆయన తట్టుకోలేరంది. ఇంతకు ముందు ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నంత పని చేశారు, ఇప్పుడు ఈవిడ. నేను సరేనన్నాను.

ఆ తర్వాతి రోజులన్నీ ఒకేలా గడిచాయి. బావగారు సాయంత్రం గచ్చు రాళ్ళ నమూనాలు తెచ్చి మంచం మీద పరిస్తే, అక్క ఒకటి తీసి ఇది బాగుందనేది, గృహప్రవేశానికి ఎవరిని పిలవాలో ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. మాట్లాడి మాట్లాడి ఆయన ముఖం కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్ళేవారు, నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగేది కాదు. ఇటు అక్క గోడ వైపు తిరిగేది. ఇద్దరి మధ్యా కూర్చుని నేను ఆ రాళ్ళను తిరిగి సంచిలో పెట్టేదాన్ని. ఒకరంటే ఒకరికి ప్రాణం, ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకోలేకపోయారు.

నేను సెలవు పెట్టి ఉన్న మధ్యాహ్నాలు మాత్రం అక్క నాతో దాపరికం లేకుండా మాట్లాడేది. పాప పెద్దమనిషైతే ఏం చెప్పాలో చెప్పింది, తన చీరల్లో ఏది ఎవరికో చెప్పింది, భయంగా ఉందని చెప్పింది, కొన్నిసార్లు నా ఒళ్ళో తల పెట్టుకుని బిగ్గరగా ఏడ్చింది. అన్నిటికన్నా తనను తినేసిన దిగులు ఒకటుండేది. బావగారు ఒక్కరూ ఉండలేరు, మళ్ళీ పెళ్ళి చేసుకోవాలి, ఆ మాట తనే తన నోటితో చెప్పి వెళితే ఆయనకు మనసొప్పుతుంది. కానీ చెబితే తనకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసిపోతుంది. నేను పోయాక నువ్వు చెప్పు, నీ మాటగా చెప్పు అంది. వానలు మొదలైన కొత్తల్లో, కొత్తింటికి ఇంకా తలుపులు పెట్టకముందే వెళ్ళిపోయింది.

ఏడాది తిరిగాక నా మాటగానే బావగారితో చెప్పాను. అంత నెమ్మదైన మనిషి కంచం ముందు నుంచి లేచిపోయారు. మీ అక్క ఈ మాట వింటే ఏమనుకుంటుందని అన్నారు. కొన్ని నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. నేను మళ్ళీ ఎత్తలేదు. తర్వాత నాకు పెళ్ళయింది, పాప చదువుకుని ఉద్యోగంలో చేరి తెల్లాపూర్‌లో ఇల్లు కొనుక్కుంది, ఆయన మాత్రం ఒంటరిగానే ఉండిపోయారు.

కిందటేడు ఆయన పరీక్షల రిపోర్టు ఆయన ఫోనుకే వచ్చింది. డాక్టరమ్మ ఆయననే ఎదురుగా కూర్చోబెట్టి అంతా చెప్పింది, బయటికి పొమ్మనలేదు, మగవాళ్ళెవరైనా వచ్చారా అని అడగలేదు. మా అక్క కూతురు ఆయన మంచం పక్కన కూర్చుని, నాన్నా, నీకు ఏం కావాలి, ఏం వద్దు అని నేరుగా అడిగేది, ఆయనా చెప్పేవారు, ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్ళు, మధ్యలో నవ్వుకునేవాళ్ళు కూడా. హాలండ్ వెళ్ళకుండానే పిల్లకు ఇదంతా ఎలా వచ్చిందా అని చూసేదాన్ని. అలాంటి ఒక పూట, అది టీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు, బావగారు నా వైపు తిరిగారు.

"మీ అక్కకు తెలిసి ఉంటే, వెళ్ళేముందు నాతో ఏదో ఒకటి చెప్పేది కదమ్మా. ఏం చెప్పేదంటావు?"

ఏం చెప్పేదో నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. అన్నేళ్ళు ఒక్కరే వడ్డించుకుని తిన్న మనిషికి, అలా ఉండవద్దనే ఆవిడ అడగాలనుకుందని ఆఖరి రోజుల్లో ఏ నోటితో చెప్పను? వేళకు అన్నం తినమనేదేమో బావగారూ అన్నాను. ఆయన నవ్వి, అవును, అదే అనేదన్నారు.

కాలం మారింది, మంచికే మారింది. ఇప్పటివాళ్ళు ఎదురెదురుగా కూర్చుని చావు సంగతి మాట్లాడుకోగలుగుతున్నారు. చూస్తే సంతోషంగానూ ఉంటుంది, మా వాళ్ళకు ఆ కాస్త దక్కలేదే అని ఉక్రోషంగానూ ఉంటుంది. అడిగినవాళ్ళకు జవాబు చెప్పమని ఆ డచ్చాయన నాకు నేర్పి పంపించాడు. నన్ను అడిగినవాళ్ళు ఇద్దరు. ఒకరికే చెప్పగలిగాను.