తల నల్లబడిన పక్షి, కట్ట మీది కొమురవ్వ

నేను వెళ్లిన ఊరి పేరు రాయను. కొమురవ్వ ఇంకా అక్కడే ఉంది. నెక్కొండలో రైలు దిగి ఆటో ఎక్కితే అరగంట. అంతవరకు చాలు.

ఆ ఊరి బడిలో పాఠాలు చెప్పే శారద ఫోనులో ఒక ఫొటో పంపింది. "సార్, ఈ పిట్ట ఏందో జర జల్ది చెప్పండి. లేకుంటె ఈడ ఒక ముసలామెను బతకనియ్యరు" అంది. చెరువులో చేపలు చచ్చి తేలాయి. ఆ వారమే ఈ తెల్లపక్షి దిగింది. చెరువు కట్ట మీద ఒంటరిగా ఉండే కొమురవ్వ చేపలు కోసి పేగులు విసిరేస్తే అది వచ్చి తినేది. నెల తిరిగేసరికి దాని తల నల్లబడింది. ఇది బాణామతేనని, చేసింది కొమురవ్వేనని ఊరు తీర్మానించింది.

మర్నాడు ఉదయం ఏడున్నరకు వరంగల్‌లో ప్యాసింజరు ఎక్కాను. పక్కన కూర్చున్న మిర్చి రైతు నా బైనాక్యులర్స్ చూసి, "పిట్టను జూడనీకి పోతాండవా? ఫికర్ లేని బతుకు సారూ నీది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

తొమ్మిదిన్నరకు కట్ట మీదున్నాను. గద్దంత పక్షి. పసుపు ముక్కు, కొసన ఎరుపు, దాని మీద నల్ల పట్టీ. బూడిదరంగు వీపు, పసుపు కాళ్లు, నల్లని తల మీద కంటికి పైనా కిందా తెల్ల గీతలు. సందేహం లేదు, నల్లతల పెద్ద గల్, చలికాలానికి వలసొచ్చే నీటిపక్షి. చలికాలమంతా తల తెల్లగానే ఉంటుంది. గుడ్లు పెట్టే కాలం దగ్గరపడితే నల్లబడుతుంది, ఉత్తరాన ఎక్కడో దూరపు సరస్సులకు ఎగిరిపోతుంది. చచ్చిన చేపనూ వదలదు. చేపలు చచ్చాయి గనుక అది వచ్చింది. అది వచ్చి చేపల్ని చంపలేదు.

ఇదంతా చెప్పేసరికి నా చుట్టూ ఇరవై మంది చేరారు. చేపలు పోగొట్టుకున్న ఐలయ్య చేతిలో తెడ్డు ఉంది.

"నీ తల తెల్లగైంది గాని, నల్లగైతాందా సారూ?" అన్నాడతను.

అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. "పది రోజుల్లో ఇది వెళ్లిపోతుంది, చూడండి" అన్నాను.

"పోకపోతె?"

మూఢనమ్మకాల మీద మాట్లాడుతూ ఎన్ని సభల్లో ఎదురుప్రశ్నలు విన్నానో! ఈసారి బైనాక్యులర్స్ ఎత్తి మళ్లీ పక్షినే చూశాను.

"పోకపోతె ముసల్దాని సంగతి మేం జూస్తం" అన్నాడు ఐలయ్య. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం శారద ఇంట్లో అన్నం తిన్నామనిపించి, కొమురవ్వ గుడిసెకు వెళ్లాం. వరంగల్ మట్టెవాడలో మా చెల్లెలి ఇల్లుంది, నాతో రమ్మన్నాను. ఆమె చేపలు కోయడం ఆపలేదు.

"నేనొచ్చినంక పిట్ట పోతే, నాతోనే పోయిందంటరు బిడ్డా. నేనుండంగనే అది పోవాలె."

ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను. పోలీసులకు చెబుతానంటే, "ఆళ్లు ఒక్క దినముంటరు. ఈళ్లు రోజుంటరు" అంది. ఆమె కన్ను మాత్రం, ఎవరొస్తారోనన్నట్టు, గుడిసె తడిక మీదే ఉంది. నేను చెప్పకపోయినా రోజూ ఫోను చేస్తానంది శారద.

నాలుగింటికి నెక్కొండలో రైలెక్కాను. పక్షుల స్వభావం తెలుసు నాకు. ఈ ఒక్క పక్షి ఏ రోజు లేస్తుందో తెలియదు. పది రోజులని ఎందుకన్నాను? జోస్యం చెప్పేవాళ్లను ఊరూరా నిలదీసినవాణ్ని, నేనే ఒక జోస్యం చెప్పి వచ్చాను. దానికి పూచీ మరొకరి ప్రాణం.

కిటికీలోంచి ఆకాశం చూస్తూ, లోలోపల ఆ పక్షితోనే మాట్లాడుతూ కూర్చున్నాను. ఎదురుగా ఉన్నాయన ముందుకు వంగాడు.

"ఎవలను పొమ్మంటున్నరు సార్, ఇందాకటి నుంచి?"