దశమి ముహూర్తం

మా అత్తమ్మ మల్దకల్ వెళ్లి పంతులుతో నా కాన్పుకు ముహూర్తం పెట్టించుకొచ్చింది. దశమి, గురువారం, పొద్దున. ఆ ఘడియకు కడుపు కోసి బిడ్డను తీస్తే జాతకానికి తిరుగుండదట. ఆపరేషన్ అవసరమే లేదని డాక్టరమ్మ చెప్పినా వినలేదు. ఇక్కడ కాకపోతే ఇంకోచోట చేయిద్దామంది. కోత నా కడుపుకు, మంచిరోజు ఆమెకు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పటికే నేను గద్వాల దవాఖానలో గర్భిణుల తరగతులకు వెళ్తున్నాను. కాన్పు గదిలో తోడుండే మనిషిని కూడా తీసుకురమ్మన్నారు. నాకు అమ్మ లేదు. అత్తమ్మనే తీసుకెళ్లాను.

"నలుగుర్ని కన్న నేను. నాకు సదువు చెప్తరా?" అని దారి పొడుగునా సణిగింది.

అక్కడ మమ్మల్ని చాపల మీద కూర్చోబెట్టి, నొప్పి వచ్చినప్పుడు ముక్కుతో గాలి పీల్చి నోటితో మెల్లగా ఊదమన్నారు. నాకు నవ్వాగలేదు. అత్తమ్మ నవ్వలేదు. తోడొచ్చినవాళ్లు నడుము కింద అరచేతులతో ఎట్లా అదమాలో సిస్టర్ చూపిస్తే, నా నడుము మీద శ్రద్ధగా నేర్చుకుంది.

"నా కాన్పులప్పుడు నోరు మూస్కో అన్నరు గని, గిట్ల నడుం పట్టినోళ్లు లేరమ్మా" అంది సిస్టర్‌తో.

ఇంకేం, మనసు మారిందనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మళ్లీ దశమి మాటే ఎత్తింది. కుక్క తోక వంకర అనుకుని ఊరుకున్నాను.

నొప్పులు అమావాస్య నాడే మొదలయ్యాయి. దవాఖానలో అత్తమ్మ వేళ్ల మీద తిథులు లెక్కపెట్టుకుంది.

"జర అమాస పోయి రేపటిదాంక ఆగదా?" అని సిస్టర్‌ను అడిగింది.

"ఆగదమ్మా. అంతా బాగనే ఉంది, మీరు నడుం పట్టుండ్రి."

మధ్యాహ్నం దాటేసరికి నా ధైర్యం జారిపోయింది. నేర్చుకున్నదంతా మరిచిపోయాను. "నాతోని కాదు అత్తమ్మా. కోసి తీయమను. నీ మాటే గెలిచింది, పో" అని ఏడ్చాను.

అత్తమ్మ చేతులు నా నడుము మీంచి కదల్లేదు.

"నా మాట సంగతి తర్వాత. ముందు ఊదు" అని తానే గట్టిగా ఊదింది. ఆమె ఊదినప్పుడల్లా నేనూ ఊదాను. ఆ పూట ఆమె లేకపోతే నేను ఏమైపోయేదాన్నో.

పొద్దు గూకకముందే ఆడపిల్ల పుట్టింది. కోత పడలేదు. అత్తమ్మ పాపను ఒళ్లో వేసుకుని చాలాసేపు చూసింది.

"అమాస నాడు పుట్టిందని ఎవరన్న నోరెత్తితే నాకు చెప్పు" అంది. "నేను జూస్కుంట."