పిన్నిగారి కంప్యూటరు ఎవరికీ చెప్పలేదు

పిన్నిగారు పోయారని ఆవిడ కూతురు చల్లపల్లి నుంచి ఫోన్ చేసి చెప్పింది. ఉదయం స్కూలుకి బయలుదేరుతూ చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాను. "వదినా, ఇంకా ఎవరికీ మెసేజ్ పెట్టలేదు. ముందు మీకు నా నోటితో చెప్పాలనిపించింది. అమ్మ తెల్లారి నమాజు చేసుకుని కాసేపు పడుకుంటానంది. మళ్లీ లేవలేదు" అంది. చెప్పులు విప్పేసి లోపలికొచ్చాను. ఇంకాసేపటికి మా వీధి వాట్సాప్ గ్రూపు నిండా దణ్ణాల బొమ్మలు వచ్చాయి. వాటికంటే ముందు నాకు ఒక మనిషి గొంతు అందింది. ఆ తల్లి పెంచిన పిల్ల కాబట్టే అలా చేసింది అనుకున్నాను.

పిన్నిగారు మాకు చుట్టం కాదు. వాళ్లు ముస్లిములు, మేం క్రైస్తవులం. బందరులో వాళ్లిల్లు మా ఇంటికి రెండిళ్ల అవతల. మా ఆయన చిన్నప్పటి నుంచీ ఆవిడని పిన్నీ అని పిలిచేవారు. పెళ్లై వచ్చాక నేనూ దానికి గారు చేర్చి అలాగే పిలిచాను. వీధిలో మిగతావాళ్లకి ఆవిడ టెలిఫోన్ ఆపరేటర్‌గారు. చిన్న వయసులోనే ఎక్స్ఛేంజీలో, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ట్రంకాల్స్ కలిపే ఉద్యోగంలో చేరి అక్కడే రిటైరయ్యారు. పెళ్లి కుదిరిన కబురు, పరీక్ష తప్పిన కబురు, ప్రాణం పోయిన కబురు, అన్నీ ఆవిడ చేతుల మీదుగానే వెళ్లేవి. అయినా ఆ రోజుల గురించి ఆవిడ నాకు చెప్పిన సంగతి ఒక్కటే.

ఒకసారి హైదరాబాదు నుంచి కాల్ వచ్చిందట. మా వీధిలోనే ఉండే ఒకాయన ఆఫీసుకి కలపమన్నారు. ఆయన సీట్లో లేరు. అవతలివాళ్లు ఏడుస్తూ విషయం ఈవిడకే చెప్పేశారు. ఆయన భార్య వాళ్ల నాన్న పోయారు. మళ్లీ చేస్తామని పెట్టేశారు. డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే ఆ భార్యే గుమ్మంలో కూర్చుని పూలు కట్టుకుంటూ పలకరించింది.

"మరి మీరేం చేశారు పిన్నిగారూ?" అన్నాను.

"ఏం చేస్తాను? పూలు బాగున్నాయని చెప్పి వచ్చేశాను. ఆ మాట చెప్పాల్సింది వాళ్లవాళ్లు. నేను కాదు. ఇంట్లోకొచ్చి తలుపేసుకుని నేనే ఏడ్చాను."

రిటైరైన చాలా ఏళ్లకి అల్లుడు తన పాత ల్యాప్‌టాప్ ఆవిడకి ఇచ్చాడు. ఫోన్లోని నెట్టు దానికి కలుపుకుని ఖురాన్ పఠనం వినేవారు, వంటలు చూసేవారు. కొన్నాళ్లకి ఒక సాయంత్రం మా ఇంటికొచ్చారు. "ఒక్క వంట వీడియో చూశానమ్మాయ్. డేటా మొత్తం అయిపోయింది. మిగతాదంతా ఎవరు మాట్లాడారు?" అని అడిగారు. నెట్టంటే అంతేనండీ అని నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

కళ్లజోడు పెట్టుకుని బ్రౌజరు సెట్టింగులు ఒక్కొక్కటే చదివారు. అర్థం కానిచోట మా ఆయన్ని అడిగారు. మనం మూసేశాక కూడా అది వెనకాల నడుస్తూనే ఉంటుందనీ, సగం మాట టైపు చేస్తుండగానే ఆ సగాన్ని ఎక్కడికో పంపుతుందనీ, మనం నొక్కబోయే లింకు ఇదేనేమో అని ఊహించి ఆ పేజీ ముందే తెచ్చిపెట్టుకుంటుందనీ తెలుసుకున్నారు. ఒక్కొక్కటీ ఆపేశారు. కొత్త పేజీలో వచ్చిపడే వార్తలు ఆపేశారు. ఎవరెవరో పంపే నోటిఫికేషన్లు ఆపేశారు. మనం చూసినవి ఇంకో ఫోన్లో కూడా కనపడేలా చేసే సింక్ ఆపేశారు. అప్‌డేట్లు, దొంగ సైట్ల హెచ్చరికలు మాత్రం ఉండనిచ్చారు.

"అవి కూడా ఆపేయకపోయారా?" అన్నాను.

"అవి మన మంచికి వచ్చే ఫోన్లు. ఎవరు ఎందుకు చేస్తున్నారో నాకు తెలిస్తే చాలు. అడిగితే కలపాలి. అడక్కుండా కలపడం మా డ్యూటీలో లేదు" అన్నారు.

పెద్దావిడ పట్టుదల అనుకుని ఊరుకున్నాను. దాని అవసరం నాకే వస్తుందని అప్పుడు తెలియదు.

మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న చలికాలం అది. స్నానం చేస్తుంటే ఎడమవైపు రొమ్ములో చేతికి గట్టిగా ఏదో తగిలింది. మా ఆయన గుడివాడలో ఎరువుల కొట్లో పనిచేస్తారు. రోజూ రైల్లో వెళ్లొస్తారు. ఆయనకి చెబుదామంటే నోరు రాలేదు. స్కూల్లో పిరియడ్ల మధ్య ఖాళీలో ఫోన్ తీసి దాని గురించి వెతికాను. ఆ సాయంత్రం అమ్మాయి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని మోడల్ పేపర్ల కోసం రెండక్షరాలు కొట్టింది. నేను వెతికిన మాటలు దాని తెర మీద వరసగా దిగాయి. ఇంట్లో అందరం ఒకే అకౌంటు వాడేవాళ్లం.

"అమ్మా, రొమ్ములో గడ్డ అని ఎవరు వెతికారు?"

"మా స్కూల్లో ఒక టీచరుగారికి" అన్నాను.

అది మళ్లీ అడగలేదు. అన్నం తింటూ మాత్రం నా మొహంలోకి చూస్తూనే ఉంది.

మర్నాడు స్కూలు నుంచి నేరుగా పిన్నిగారింటికి వెళ్లాను. "మీ కంప్యూటర్ ఒకసారి వాడుకోవచ్చాండీ?" అన్నాను. ఎందుకని అడగలేదు. బల్ల దగ్గర కుర్చీ లాగి, తెరిచిపెట్టి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోయారు. తెల్లటి ఖాళీ పేజీ. వార్త లేదు, ప్రకటన లేదు. ఆ గది నాకోసమే ఊడ్చి పెట్టినట్టనిపించింది. కావలసినవన్నీ నిదానంగా చదువుకున్నాను. ఏ పరీక్షలు చేయించాలో, డాక్టర్ని ఏమడగాలో తెలిసింది. తొందరగా చూపించుకుంటే నయమవుతుందన్న మాట దగ్గర కాసేపు ఆగాను.

టీ తెచ్చి ఇచ్చాక ఆవిడకి నేనే చెప్పాను. ఈ లోకంలో మొదట చెప్పింది ఆవిడకే.

పిన్నిగారు గ్లాసు కింద పెట్టి నా చెయ్యి పట్టుకున్నారు. "మీ ఆయనకి చెప్పావా?"

"లేదండీ. అమ్మాయికి పరీక్షలు. ఏంటో తేలకుండా ఇల్లంతా భయపెట్టడం ఎందుకని."

"ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం. నేను తొందరపెట్టను. ఆసుపత్రికి మాత్రం ఒక్కదానివీ వెళ్లకు. నేనొస్తాను." తర్వాత నా ఫోన్ అడిగి తీసుకున్నారు. "ఇది కూడా నువ్వు చెప్పేదాకా ఆగాలి కదా" అంటూ అందులో సింక్ ఎక్కడుందో వెతికి, నా చేతే ఆపించారు. అంతకుముందు వెతికినవి కూడా నా చేతే తీయించారు.

స్కాన్ రోజునా, ముక్క తీసి పరీక్షకి పంపిన రోజునా బందరులోనే ఆవిడ నా పక్కన కూర్చున్నారు. రిపోర్టు వచ్చింది. క్యాన్సరే, కానీ మొదట్లోనే దొరికింది, ఆపరేషన్ చేస్తే సరిపోతుంది అన్నారు డాక్టరమ్మగారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

"ఇంక ఆయనకి చెప్పాలండీ. ఫోన్లో చెప్పలేను" అన్నాను.

"అయితే పద, గుడివాడ వెళ్దాం."

రైలెక్కాం. స్టేషనుకి రమ్మని ఫోన్ చేస్తే మా ఆయన కంగారుగా వచ్చారు. ఆయన కనపడగానే పిన్నిగారు లేచి, ప్లాట్‌ఫారం చివర బెంచీ మీదికి వెళ్లి, మాకు వీపు పెట్టి కూర్చున్నారు. నేను చెప్పాను. ఆయన నా చేతిలోంచి రిపోర్టు తీసుకుని చదివారు. తర్వాత "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా?" అన్నారు. "లేదు, పిన్నిగారున్నారు" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. రైలొకటి వచ్చి వెళ్లింది. అప్పుడు కూడా ఆవిడ ఇటు తిరగలేదు. మా ఆయన వెళ్లి "పిన్నీ" అని పిలిస్తేనే తిరిగారు. సంచిలోంచి అరటిపళ్లు తీసి ఇద్దరి చేతుల్లోనూ పెట్టారు. "ముందు ఇవి తినండి. ఇది పొద్దుటి నుంచి ఏమీ తినలేదు" అన్నారు.

పరీక్షలు అయిన రోజు అమ్మాయికి నేనే చెప్పాను. కోప్పడింది. తనకి ఆ రోజే అనుమానం వచ్చిందనీ, అడగలేక ఊరుకున్నాననీ చెప్పి నా ఒళ్లో తల పెట్టుకుంది. విజయవాడలో ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మందులు, నీరసం, జుట్టు ఊడటం, అన్నీ అయ్యాయి. ఇప్పుడు బాగున్నాను. రోజూ పిల్లలకి సోషల్ పాఠం చెబుతున్నాను.

ఆ నెలల్లో వీధిలోవాళ్లు నాకేమైందని పిన్నిగారిని అడిగేవారట. "ఇంట్లోనే ఉంది కదా, వెళ్లి పలకరించండి" అనేవారట. అందుకే జనం నా గురించి గుసగుసలాడటం మాని నా దగ్గరికే వచ్చారు. ఒకావిడ చారు తెచ్చేది. ఇంకొకావిడ మా చర్చిలో నాకోసం ప్రార్థన చేయమని చెప్పాలా వద్దా అని నన్నే అడిగింది. చెప్పమన్నాను. పిన్నిగారు తన దువాలో నా పేరు తలుచుకునేవారని ఆవిడ కూతురు చెబితే తెలిసింది. ఆవిడ నాతో ఎప్పుడూ అనలేదు. మధ్యాహ్నాలు వచ్చి నా మంచం పక్కన కూర్చుని వక్కలు కత్తిరించుకునేవారు. నాకు మాట్లాడాలనిపిస్తే మాట్లాడేవారు. నిద్రొస్తే అడకత్తెర చప్పుడు ఆపేసేవారు.

మోకాళ్ల నొప్పులు ఎక్కువై పోయినేడు చల్లపల్లిలో కూతురింటికి వెళ్లిపోయారు. అప్పుడప్పుడు ఫోన్ చేసుకునేవాళ్లం. చివరిసారి మాట్లాడినప్పుడు మా అమ్మాయి ఉద్యోగంలో చేరిందని చెబితే, "ఆ మాట దాన్నే చెప్పనీ, నాకు తెలియనట్టే ఉంటాను" అన్నారు. ఆ సాయంత్రం అది ఫోన్ చేస్తే మొదటిసారి వింటున్నట్టే సంబరపడ్డారట.

ఆవిడని బందరు తీసుకొచ్చారు. ఆవిడ తమ్ముళ్లతో పాటు మా ఆయన కూడా భుజం పట్టారు. నేను లోపల ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను.

నిన్న స్కూలు నుంచి వస్తుంటే పిన్నిగారింటి తలుపు తీసి ఉంది. ఆవిడ కూతురు మెట్ల మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. నన్ను చూసి కొంచెం పక్కకి జరిగింది. బ్యాగు దించి కూర్చున్నాను. నేనూ చేటలో చెయ్యి పెట్టి రాళ్లు ఏరాను. సముద్రం గాలి వీధి చివరి నుంచి మెల్లగా వస్తోంది. చేటలో ఉన్న కాస్త తవుడు లేచి, ఎండ పడుతున్న మెట్టు మీద పల్చగా పరుచుకుంటోంది.