గాలిమోటారెక్కిన సైకిల్

మా బొగ్గుబాయి లైన్లలో కొమురెల్లి అంటే ఏ కొమురెల్లి అని అడుగుతారు. సైకిల్ కొమురెల్లి అంటే మాత్రం పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. అతనూ నేనూ బాయిలో జోడీ. ఒకరు బొగ్గు తవ్వితే ఒకరు టబ్బులోకి ఎత్తేవాళ్ళం, ఒకే డబ్బాలో సద్ది తినేవాళ్ళం. అందుకే అతని సంగతి చెప్పే హక్కు నాకుంది. తిట్టే హక్కు కూడా నాదే.

పుట్టింది ఆదిలాబాద్ పక్క పల్లెలో, పత్తి ఏరుకుని బతికే ఇంట్లో. పోలీస్ యాక్షన్ నాడు ఊరి మీదుగా గాలిమోటార్, అంటే విమానం, పోతుంటే, వాళ్ళ బాపు అతణ్ని పత్తిచేలో బోర్లా తోసి, మెడ లేవకుండా అదిమి పట్టుకున్నాడట. మనవాడికి భయం మాట దేవుడెరుగు, చూడనివ్వలేదని కోపం. ఎప్పటికైనా దాంట్లో కూర్చుని తీరాలని అప్పుడే అనుకున్నాడు. పెద్దయ్యాక మందమర్రి వచ్చి బాయిలో చేరాడు, సైకిల్ కొన్నాడు. ఇక సెలవు దొరికితే మనిషి ఇంట్లో ఉండడు. చెన్నూరు పోయి గోదావరిలో మునిగి వచ్చేవాడు. ఒకసారి నాగపూర్ దాకా తొక్కి సంచెడు నారింజలు తెచ్చాడు, అందులో సగం దారిలోనే కుళ్ళిపోయాయి.

అరవై నాలుగులో చీటీ ఎత్తాడు. ముక్కుపుల్ల చేయిస్తాడని అతని భార్య సరోజన ఎదురు చూస్తుంటే, ఈ మహానుభావుడు ఢిల్లీకి గాలిమోటార్ టికెట్ కొనుక్కొచ్చాడు.

"పోవుడు గాలిమోటార్ల, వచ్చుడు సైకిల్ మీద," అన్నాడు నాతో. "నెల సెలవు వెట్టిన. రెండు దిక్కులా తొక్కుకుంట పోతె నెల సాలదు."

"పిచ్చి లేసిందారా నీకు? రైలు లేదా?"

"రైలు ఎన్నడైన ఎక్కొచ్చు, మొగిలన్నా. నేను ఎక్కాలన్నది గాలిమోటార్."

సరోజన మూతి ముడుచుకుని తిరిగింది. అయినా సైకిల్‌కు కుంకుమ పెట్టి, హ్యాండిల్‌కు నిమ్మకాయా మిరపకాయలూ తనే కట్టి, చెన్నూరులో తల్లిగారింటికి పోయింది. సైకిల్‌ను ముందురోజే రైల్లో సికింద్రాబాద్‌కు పంపేశాడు.

ఇక్కడ బిల్ల సంగతి చెప్పాలి. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిల్ల ఇస్తారు. పైకి వచ్చాక దాన్ని బాయి మూతి దగ్గర లెక్క చూసే అంబదాస్ చేతికిస్తే, అతను దాని మేకుకు తగిలిస్తాడు. మేకు ఖాళీగా ఉందంటే మనిషి కిందే ఉన్నట్టు. ఇంకే సాక్ష్యమూ చెల్లదు.

ప్రయాణం రోజు కూడా కొమురెల్లి షిఫ్టుకు దిగాడు. షిఫ్టు పెద్ద అయిన సర్దార్‌ను బతిమాలుకుని కాస్త ముందుగా, పాత దారిన ఒక్కడే పైకి బయలుదేరాడు. బాయి మూతి దగ్గరికి వచ్చేసరికి అంబదాస్ చాయ్‌కి పోయి ఉన్నాడు. హోటల్ దగ్గర ఇద్దాంలే అని బిల్ల జేబులో వేసుకున్నాడు. ఇంతలో రైలు కూత వినబడింది. ఇక పరుగే పరుగు.

అతను పైకి వచ్చిన కాసేపటికే పాత దారి కప్పు కూలి బండ పడింది.

షిఫ్టు అయిపోయాక చూస్తే మేకు ఖాళీ. పైకి వస్తుంటే చూసినవాడు లేడు. స్టేషన్‌కు మనిషిని పంపితే, "మస్తు మంది ఎక్కిండ్రు, ఎవలెవలో నాకేమెర్క" అన్నారట. సరోజనకు కబురు పోయింది. ఆమె వచ్చి బాయి మూతి దగ్గర నేల మీద కూలబడింది. ఏడవను కూడా లేదు, లోపలికే చూస్తూ కూర్చుంది. మేం నలుగురం గడ్డపారలు తీసుకుని దిగాం. "కప్పు మంచిగ లేదు, ఇంకింత పడేటట్టున్నది, జర పైలం" అని సర్దార్ చెబుతూనే ఉన్నాడు. పైన ఆనించిన దుంగలు కిర్రుమంటుంటే, ఆ రాత్రంతా రాళ్ళు తీశాం. ఒక్కో రాయి ఎత్తినప్పుడల్లా దాని కింద వాడి చెయ్యి కనబడుతుందేమోనని ప్రాణం పోయింది.

తెల్లారి పొద్దున బేగంపేట విమానాశ్రయంలో వీడు సైకిల్ పెడళ్ళు ఊడదీస్తున్నాడు. హ్యాండిల్ అడ్డంగా తిప్పమన్నారు, టైర్లలో గాలి తీయమన్నారు, అన్నీ చేశాడు. నిమ్మకాయ తీసేయమంటే మాత్రం వినలేదు. "ఇంటిది కట్టింది సార్, అది ఉండనీయుండ్రి" అన్నాడు. సైకిల్‌కు ఒక అట్టచీటీ కట్టి, దాని తోడు చీటీ ఇతని చేతిలో పెట్టి, సైకిల్‌ను తీసుకుపోయారు. ఆ చీటీ దాచుకుందామని జేబులో చెయ్యి పెట్టాడు. బిల్ల తగిలింది.

"అన్నా, ఆడ మేకు ఖాళీగుంటదని అప్పుడు యాదికొచ్చింది," అని తర్వాత నాతో చెప్పాడు.

కౌంటర్ దగ్గరికి ఉరికి ఫోన్ చేయమన్నాడు. ట్రంకాల్ బుక్ చేశారు, ఎప్పుడు కలుస్తుందో తెలియదన్నారు. ఇంతలో ప్రయాణికులను పిలిచారు.

"మీరు ఎక్కండి. ఫోన్ కలిస్తే మేం చెబుతాం," అన్నాడు కౌంటర్ దగ్గరున్నాయన.

"మీరు చెప్తె నమ్మరు సార్. బిల్ల లేకుంటె నా గొంతన్న ఇనాలె."

"విమానం మీకోసం ఆగదు."

"ఆగకుంటె పోనీయుండ్రి. నా సైకిలన్న దించుండ్రి."

సైకిల్ అప్పటికే సామాన్ల అడుగున పడింది. విమానం దాన్ని తీసుకుని పోయింది. బయటికి పోయి చూస్తే ఆ వేళకు ఫోన్ మోగుతుందేమోనని కొమురెల్లి కుర్చీలోంచి లేవలేదు. చప్పుడు మాత్రం విన్నాడు.

పొద్దెక్కాక లైను కలిసింది. మా ఆఫీసులో గుమస్తా ఎత్తి, "జల్ది చెప్పుండ్రి, ఈడ పరేషాన్ల ఉన్నం, మా కొమురెల్లి బండ కింద వడ్డడు," అన్నాడట.

"నేనే సార్ కొమురెల్లిని! పట్నంల ఉన్న. బిల్ల నా జేబులనే ఉన్నది."

"ఎవడ్రా నువ్వు? సావు కాడ పరాచికాలా?"

"ఒట్టు సార్, నేనే. నా జోడీ మొగిలన్న కింద రాళ్ళు తీస్తుంటడు. సద్ది గూడ తిని ఉండడు. పైకి పిలువుండ్రి సార్, మీ కాళ్ళు మొక్కుత!"

కబురు కిందికి వచ్చేసరికి నా చేతుల్లో రాయి ఉంది. దాన్ని వదిలేసి అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. సర్దార్ నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

రైలు దిగి కొమురెల్లి నేరుగా బాయి దగ్గరికే వచ్చాడు. ముందు బిల్ల అంబదాస్ చేతిలో పెట్టాడు. సరోజన వాడి అంగీ పట్టుకుని, "నీ గాలిమోటార్ మీద మన్నువడ!" అని రెండు చేతులా కొట్టి, కొట్టిన చేతుల్తోనే కావలించుకుని ఏడ్చింది.

సెలవంతా ఇంటి ముందు కూర్చుని గడిపాడు. సైకిల్ ఢిల్లీ నుంచి రైల్లో తిరిగి వచ్చింది. నిమ్మకాయ ఎండిపోయింది, అట్టచీటీ అట్లాగే ఉంది. "గాలిమోటార్ల ఎట్లుంటదే?" అని పిల్లలు అడిగితే, "సైకిల్‌ను అడుగుండ్రి, అదే వోయొచ్చింది," అనేవాడు.

పాత దారిలో ఆ కప్పు మళ్ళీ పడలేదు. మేం రాళ్ళు తీసిన ఆ రాత్రీ పడలేదు, దారి మూసేదాకా పడలేదు. నాకది మింగుడుపడలేదు. ఒక ఆదివారం వాడు వాకిట్లో సైకిల్ టైరుకు గాలి కొడుతుంటే అననే అన్నాను.

"ఉత్తగనే ఆగినవ్ గదరా. కప్పు మళ్ల పడనే లే. దర్జాగ పోయెటోనివి."

కొమురెల్లి తల ఎత్తలేదు.

"పడదని నాకేమెర్కనే అన్నా? నువ్వు కింద ఉంటవని ఎర్క."

వాడి చేతిలోంచి పంపు గుంజుకుని, వెనక టైరుకు నేనే గాలి కొట్టాను.