పేరు పలికితే పెరుగు కట్

ఇరాక్ కువైట్‌ను మింగిన ఆ ఆగస్టులో, నలభై ఏడుగురు పాత విద్యార్థులను ఎడారి దాటించి జోర్డాన్ చేర్చినవాణ్ణి నేను. చేతిలో తుపాకీ లేదు, వెనక సర్కారు లేదు. చంకలో ఒక రిజిస్టరు, గుండెలో కాలేజీ మీద అభిమానం. ఈ మాట మా పాత విద్యార్థుల సంఘం సభల్లో చెప్పిన ప్రతిసారీ ఒక శాలువా కప్పారు. ఇప్పుడు ఇంట్లో పదకొండు శాలువాలున్నాయి. కడప ఎండల్లో వాటితో ఏం చేస్తానని మాత్రం అడక్కండి.

ఆ కథే ఇంకోసారి చెప్పబోతున్నాను, ఈసారి రాతలో. మర్యాదస్తుణ్ణి కాబట్టి ఎవరి పేరూ రాయను.

ముందు మా హాస్టలు సంగతి చెప్పాలి. గదికి మూడు మంచాలు. కిటికీ పక్కన ఒకటి, తలుపు పక్కన ఒకటి, రెంటి నడుమ ఒకటి. చేరిన రోజే సీనియర్లు మన పేరు పీకేసి గది నంబరూ మంచమూ తగిలించేవారు. నేను పన్నెండు తలుపు. నా పక్కవాడు పన్నెండు నడిమి. గాలి తగిలే మంచం దొరికిన మహారాజు పన్నెండు కిటికీ. ఎవడైనా నోరు జారి ఇంకొకణ్ణి అసలు పేరుతో పిలిచాడో, ఆ పూట వాడి పెరుగు పక్కవాడి కంచంలోకి పోయేది. 'పేరు పలికితే పెరుగు కట్' అని భోజనశాల గోడ మీద బొగ్గుతో రాసి ఉండేది. మే నెలలో పెరుగు లేకుండా కడపలో బతకడం ఎంత కష్టమో అక్కడ పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. మూడేళ్ళకు మా పేర్లు మాకే కొత్తయ్యాయి. ఒకడి పెళ్ళిపత్రిక వస్తే ఎవడిదో తెలియక హాస్టలు మొత్తంలో ఒక్కడూ పెళ్ళికి పోలేదు. కాదులెండి, ఇద్దరు పోయారు.

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరం కువైట్ చేరాం. షర్క్ అనే పేటలో నేను పెద్ద కంపెనీలో అధికారిని. అంటే గోదాములో స్క్రూలూ బోల్టులూ అప్పజెప్పే పని. అధికారం మాత్రం నిజం, నేను తాళం తీయందే ఒక్క మేకు బయటికి పోదు. హవల్లీలో మూడో అంతస్తు ఫ్లాటులో ప్రతి శుక్రవారం సంఘం కలిసేది. కాలేజీకి ఏదైనా చేయాలని ప్రతి శుక్రవారం తీర్మానించేవాళ్ళం. చేసింది వచ్చే శుక్రవారం మళ్ళీ కలవడమే. నేను కార్యదర్శిని. నా రిజిస్టరులో సభ్యులంతా హాస్టలు సంప్రదాయం తప్పకుండా ఉన్నారు, పక్కన ఉండే పేటతో సహా: ఏడు నడిమి, మంగఫ్. తొమ్మిది తలుపు, మంగఫ్. నాలుగు కిటికీ, హవల్లీ.

మా హాస్టలు వంట మాస్టరు కూడా కువైట్ వచ్చాడు. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. ఒక కువైటీ ఇంట్లో వంట పని. శుక్రవారం సెలవు దొరికితే మా ఫ్లాటుకు వచ్చి సంగటి కెలికి, కోడిపులుసు చేసి పెట్టేవాడు. ఒకసారి కొత్తగా చేరిన పిల్లకాయ ఒకడు, "మాస్టర్ను గూడా సభ్యుడిగా చేర్చుకుందాం" అన్నాడు. గది నంబరు లేనివాడు సభ్యుడు ఎట్లా అవుతాడు? ఆయన పడుకున్నది బియ్యం మూటల కొట్లో. ఆ కొట్టుకు నంబరు లేదు. ఆయన చేసిన కోడిపులుసు తింటూనే అరగంట చర్చించి, ఏకగ్రీవంగా తోసిపుచ్చాం. తీర్మానం రాసింది నేనే, నా చేతిరాత బాగుంటుంది.

వంటింట్లోంచి మాస్టరు గరిటెతో వచ్చి, "ముక్క ఏసుకోండి సామీ. తీర్మానంతో సంగటి దిగదు" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడనే నా జ్ఞాపకం.

ఇంతలో ఒక తెల్లవారి లేచేసరికి వీధిలో ట్యాంకులు. కంపెనీ మూతపడింది. వారంలో నా గోదామును స్క్రూలతో సహా ఊడ్చుకుపోయారు. తాళం చెవి మాత్రం నా జేబులోనే ఉంది. మాలో చాలామంది ఇంటివాళ్ళు సెలవులకని ఊళ్ళోనే ఉన్నారు, అదొక్కటే అదృష్టం.

కొన్నాళ్ళకు హవల్లీలో ఒక బడిలో మనవాళ్ళు బల్లలు వేసుకుని కూర్చున్నారని తెలిసింది. బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పంపుతున్నారట. గుంపుకొక పేర్ల పట్టీ ఇవ్వాలి. రిజిస్టరు చంకన పెట్టుకుని నేను బయలుదేరాను. దారిలో ఇరాకీ సైనికుడు ఆపి, రిజిస్టరు తిరగేసి, ఇదేదో గూఢచారి సంకేతమని నన్ను గంటసేపు నిలదీశాడు. అసలు జరిగింది ఇంతే: సిగరెట్టు ఉందా అన్నాడు, లేదన్నాను, "యల్లా" అని ముందుకు పొమ్మన్నాడు.

బడిలో బల్ల దగ్గర ఉన్నది రాయచోటి నుంచి వచ్చిన పెద్దాయన. దర్జీ పని. అందరూ భాయ్ అనేవారు. రిజిస్టరు తెరిచి చూసి కళ్ళద్దాలు తీశాడు.

"ఏంది సార్ ఇది? నాలుగు కిటికీ, ఏడు నడిమి, తొమ్మిది తలుపు. ఇల్లు కట్టిస్తాండావా?"

"మనుషులే భాయ్. మా హాస్టల్లో అట్లే పిలుచుకుంటాం."

"పాస్‌పోర్టులో ఏమని ఉండాది, తలుపు అనేనా? కిటికీలకు, తలుపులకు బస్సు లేదు సార్. పేరు, తండ్రి పేరు రాసుకోని రా. రేపు మధ్యాహ్నంతో ఈ బస్సు పట్టీ ఖలాస్."

ముప్పై రెండు గీతలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. నా పేరు రాసుకున్నాను. రెండో గీత దగ్గర ఆగిపోయాను. పద్దెనిమిదేళ్ళ స్నేహాలు! ఎవడు ఎన్ని సంగటి ముద్దలు తింటాడో తెలుసు, ఎవడికి ఏ మేనమామతో పడదో తెలుసు. పేరు తెలియదు. మంగఫ్ వెళ్ళి కూలీల క్యాంపు గేటు దగ్గర "తొమ్మిది తలుపు ఉన్నాడా?" అని అడిగితే, కాపలావాడు ఎనిమిది తలుపులు లెక్కపెట్టి తొమ్మిదోది చూపించాడు. అది స్నానాల గది.

తిరిగొచ్చేసరికి మా మెట్ల మీద మాస్టరు కూర్చుని ఉన్నాడు, పక్కన పిండి సంచి. ఆయన పనిచేసే ఇంటివాళ్ళు వేసవికి దేశం దాటి పోయారు. ఇల్లూ ఒక పాత పికప్ బండీ ఆయన చేతిలో ఉన్నాయి. నా గోడు విని ముందు కడుపు పట్టుకుని నవ్వాడు.

"రాసుకో సామీ" అన్నాడు.

ఇక మొదలుపెట్టాడు. ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, ఊరితో సహా. నాలుగు కిటికీ, ఏడు నడిమి, ఒక్కడు పోకుండా. హాస్టల్లో వార్డెను హాజరు పుస్తకం చూసి రెండు పూటలా పేర్లు చదివి వడ్డించింది ఆయనే కదా. పేరు పలికితే పెరుగు కట్ అనే చట్టం ఒక్క ఆయనకు మాత్రం వర్తించలేదు. పెరుగు గిన్నె ఆయన చేతిలోనే ఉండేది.

ఒకసారి మధ్యలో ఆపి, "నీ పేరు గూడా తప్పు రాసుకున్న్యావు, ఇంటిపేరు యాడబోయింది?" అన్నాడు. దిద్దుకున్నాను.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున నేను పికప్‌లో హవల్లీ, మంగఫ్ తిరిగి అందరినీ పోగుచేశాను. నడిపింది మాస్టరు. సైనికులు ఆపిన చోటల్లా రొట్టె ఇచ్చి మాట కలిపింది మాస్టరు. క్యాంపు గేటు దగ్గర పేర్లు పెట్టి కేకలు వేసింది కూడా మాస్టరే. నేను పక్క సీట్లో కూర్చుని కాగితం ఎగిరిపోకుండా పట్టుకున్నాను. అదీ పనే. ఆ నలభై ఏడు కూడా నిజానికి ముప్పై ఒకటి. ఎడారి దాటడమంటారా, దాటింది తారురోడ్డు మీద, బస్సులో.

ఆ మధ్యాహ్నానికి బడికి చేరాం. ముప్పై ఒక్క గీతలు నిండాయి. ముప్పై రెండోది ఖాళీ. ఆ గీత ఎవరిదో నాకూ తెలుసు, వరసలో నిలబడ్డ ముప్పైమందికీ తెలుసు. మాస్టరు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. వెనక తోపులాట, ముందు భాయ్ తొందర. ఆ హడావిడిలో చప్పున పేరు గుర్తు రాలేదు. 'వంట మాస్టర్' అని రాసి ఇచ్చాను. భాయ్ ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు. "ఇది పని సార్, పేరు గాదు" అన్నాడు. నేను బతిమాలాను. గడ్డం పట్టుకున్నాను. ఆయన బండరాయి. ఒక్కటంటే ఒక్క మాట వినలేదు. ఆ గీతలో నాలుగు కిటికీ వాడి బావమరిది పేరు ఎక్కింది.

మాస్టరు దగ్గరికి వెళ్ళి, "జాగా లేదంట మాస్టర్. వెనకాల బస్సులో వస్తావులే" అన్నాను.

"పోండి సామీ" అన్నాడు. గుడ్డలో కట్టిన రొట్టెలు నా చేతిలో పెట్టాడు.

బస్సెక్కగానే గొడవ. కిటికీవాళ్ళందరూ కిటికీ పక్కనే కూర్చుంటామన్నారు, అది హాస్టలు హక్కట. తలుపువాళ్ళం ఒప్పుకోలేదు. బస్రా దాకా ఆ వాదమే. దారిలో తిన్నవి మాస్టరు రొట్టెలు. ఆయన ఏమయ్యాడో మూడు వారాలపాటు మాకు తెలియలేదు. ఆ తర్వాత ఒకరోజు కడప బస్టాండులో దిగాడు, అదే చొక్కాతో.

ఇప్పుడాయన రాయచోటిలో ఒక టిఫిన్ అంగడి నడుపుతున్నాడు. సంఘం వాట్సాప్ గుంపులో ఆయన లేడు, గది నంబరు లేదు కదా. నేను మాత్రం అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను. నా ఫోన్లో 'మాస్టర్' అనే ఉంటుంది. ఇది అచ్చుకు పంపేముందు ఆయనకు మొత్తం చదివి వినిపించాను. నిజాలన్నీ ఒప్పేసుకున్నాను కాబట్టి మెచ్చుకుంటాడనుకున్నాను. అవతల పెనం మీద దోసె తిరగేసిన చప్పుడు వినబడింది.

"భాయ్ రాయి గాదు సామీ" అన్నాడు. "నువ్వేం బతిమాల్లే. ఆయన నీతో ఏమన్న్యాడో కుళాయి కాడికి నాకు ఇనపడింది. 'పొయ్యి పేరు అడుక్కోని రా, నేను ఆగుతా' అన్న్యాడు. పది అడుగులు. నువ్వు రాలే. మీ బస్సు పోయినాంక ఆయనే లేసొచ్చి అడిగి, ఇంగో పట్టీలో రాసుకున్న్యాడు. ఒక్క నిముసం పట్టింది."

"ఆ తొందరలో గుర్తు రాలేదు మాస్టర్..."

"తెలిసింటే గదా గుర్తొచ్చేది. పేరడిగితే పెరుగు పోతాదనుకున్న్యావా? ఆ పెరుగు వడ్డిచ్చినోణ్ణి నేనే. ఎవురి పేరూ రాయలేదు, మర్యాద అంటాండావే, ఆ మాట కొట్టెయ్. మిగిలినోళ్ళకు మర్యాదేమో గానీ, నాకాడ మర్యాద గాదు. నీకు తెల్దు. ఇప్పటికీ తెల్దు."