లోపలి ద్వారబంధం

ఆ లోయలో నోఖూరామ్ చెయ్యి పడని గుడి లేదు. దేవుడు లోపలుండగా అతను గడప దాటగలిగిన గుడీ లేదు. దేవదారు దూలం మీద రాతి వరస, రాతి వరస మీద మళ్ళీ దూలం, మూలల్లో ఒకదాన్నొకటి కరిపిస్తూ గోడ లేపుతాడు. ఇనుప మేకు ఒక్కటి కొట్టడు, సిమెంటు చెంచాడు కలపడు. మొన్నటి భూకంపానికి కొత్త డాబాలు బీటలిచ్చాయి గానీ, వాళ్ళ నాన్న లేపిన గుడి గోడ కాస్త ఒళ్ళు విరుచుకుని సర్దుకుంది. అంతటి పనివాళ్ళు కూడా, దేవత లోపలికి రాగానే మెట్లు దిగి ముంగిట్లో నిలబడి దణ్ణం పెట్టుకోవాలి. వాళ్ళ కులానికి అంతవరకే. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. చట్టాలు సిమ్లాలో ఉంటాయి. ఇక్కడ గుడి పెత్తనం చేసే కార్దారు మాటే చట్టం.

నోఖూ దీని గురించి ఎన్నడూ నోరు విప్పలేదు. వాళ్ళమ్మ ఛాపే దేవి నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. పెళ్ళయిన కొత్తల్లో మొగుడు ఆవిడతో ఒక మాట అన్నాడు: నాగదేవత గర్భగుడిలో, ద్వారబంధం లోపలివైపున, నీ ముఖం చెక్కానే అని. ఆవిడ మురిసిపోయి ఊటనీళ్ళ దగ్గర నలుగురికీ చెప్పుకుంది. చెప్పుకున్న పాపానికి యాభై ఏళ్ళు ఎగతాళి పడింది.

"రోజూ నీ ముఖమే చూస్తున్నాడంటగా దేవుడు, అందుకే ఈ ఏడు వానల్లేవు" అనేది పై వాడ కుబ్జా దేవి. లోపలికి వెళ్ళగలిగిన వాళ్ళని ఛాపే దేవి ఎంతమందిని అడిగినా ఒకటే జవాబు: చీకటి, మసి, ఏం కనపడదు. దేవుడికి మొక్కడానికి వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగి ద్వారబంధం ఎందుకు చూస్తారు? మొగుడు పోయి ఇరవై ఏళ్ళయింది. కళ్ళలో పొరలు కమ్ముకున్నాయి. ఉందా లేదా అన్నది మాత్రం తేలలేదు.

ఆ ఏడు కప్పు పలకలు జారి, నీళ్ళు కారి, ద్వారబంధం పైదూలం పుచ్చిపోయింది. డోళ్ళూ బాకాలూ మోగుతుండగా దేవత పల్లకీ ఎక్కి భాండాగారానికి తరలింది. నెల రోజులు గుడి పనివాళ్ళది.

"చూసి రారా నోఖూ" అంది తల్లి. "ఉంటే ఉందను, లేకపోతే లేదను. నన్ను బుజ్జగించకు."

నోఖూ తడిగుడ్డతో మసి తుడిచాడు. పాములు బయటపడ్డాయి, పద్మాలు, పొట్టేళ్ళ వరస. ఆడముఖం లేదు. మళ్ళీ తుడిచాడు. పుచ్చిన కొసలో వేలుపెట్టి వెతికాడు. లేదు. తల్లి యాభై ఏళ్ళ గర్వం తన చేతిలో మసిగుడ్డయిపోయిందనిపించి, అతనికి ఏడుపొచ్చింది.

ఇంటికెళ్తే ఆవిడ అక్రోటు పప్పు నూరుతూ తలెత్తింది. "మసి దట్టంగా ఉందమ్మా, ఇంకా తేలలేదు" అన్నాడు. మూడు రోజులు అదే మాట. నాలుగో రోజు కొత్త దూలానికి ఉలి పట్టాడు. పాములు, పద్మాలు, పొట్టేళ్ళు అన్నీ పాతవాటిలాగే దించాడు. కుడి కొసన మాత్రం తలగుడ్డ కట్టుకుని పెద్ద ముక్కెర పెట్టుకున్న ముఖం ఒకటి చెక్కాడు. దూలాన్ని ఎక్కించి, పైన గోడ బరువంతా దింపాడు. సాయంత్రం, దూలం మార్చిన మాట దాచి, తల్లితో ఉందని చెప్పాడు.

మర్నాడు ఛాపే దేవి వీపున బుట్ట కట్టుకుని గుడి మెట్లెక్కింది. కార్దారు అడ్డం వచ్చాడు.

"ఎక్కడికే ముసల్దానా? పనివాళ్ళు తప్ప ఎవరూ రాకూడదు."

"పనికే వచ్చానయ్యా. దూలాల మధ్య సందుల్లో పొయ్యడానికి చిన్నరాళ్ళు కావాలన్నారు."

"ఈ వయసులో నువ్వు రాళ్ళు మోస్తావా?"

"పోనీ తమరు మోస్తారా?"

కార్దారు పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ బుట్ట దించి, వంగి, ఆ పొట్టి వాకిలి దాటి, లోపల పనిలో ఉన్న నోఖూ పక్కన నిలబడింది. చెయ్యి చాస్తే దూలం అందుతుంది. వేళ్ళు పాముల్ని తడిమాయి, పొట్టేళ్ళని దాటాయి, ముఖం మీద ఆగాయి. నుదురు, ముక్కు, ముక్కెర. చాలాసేపటికి ఆ వేళ్ళు తీసి వాసన చూసుకుంది.

"యాభై ఏళ్ళ మసి ఏదిరా?"

"తుడిచానమ్మా."

"తుడిస్తే పచ్చి దేవదారు వాసనొస్తుందా?"

నోఖూ చేతిలో ఉలి కింద పెట్టాడు.

"లేదు గదూ?"

"లేదమ్మా."

ఆవిడ గడప మీద కూలబడింది. "నేను లోపలికొచ్చి చూడలేనని తెలిసే చెప్పాడు మీ నాన్న. వెక్కిరించినవాళ్ళే నిజం చెప్పారన్నమాట" అని నవ్వబోయి, ఏడ్చింది. నోఖూ ప్రాణం చివుక్కుమంది. ఆ ముఖాన్ని చెరిపేస్తానని ఉలి తీశాడు. తల్లి అతని మణికట్టు పట్టుకుంది.

"ఉంచు. ఆయన ఉత్త మాట చెప్పాడు. నువ్వు చేశావు."

నెలాఖరున దేవత తిరిగొచ్చింది. ముంగిలి కిక్కిరిసింది. ఛాపే దేవి, నోఖూ ఎప్పటిలాగే మెట్ల కింద నిలబడ్డారు. కుబ్జా దేవి ఊరుకుంటుందా?

"ఏమే, లోపలికెళ్ళావంటగా. ఉందా నీ ముఖం?"

"అప్పుడు లేదు. మా ఆయన కోతలు కోశాడు. ఇప్పుడు ఉంది, మావాడు చెక్కాడు. నీకు అడ్డేముంది, వెళ్ళి చూసిరా."

కుబ్జా దేవి వెళ్ళింది. ఆవిడ వెనకే పదిమంది వెళ్ళారు. దేవుడికి వీపు పెట్టి మరీ ద్వారబంధం చూసొచ్చారు. "ముక్కు అచ్చం దీనిదే" అంది కుబ్జా దేవి, వెక్కిరింత మరిచిపోయి. గుసగుసలు కార్దారు చెవిన పడ్డాయి. అతను లోపలికెళ్ళి చూసి, కందగడ్డ ముఖంతో మెట్ల మీదికొచ్చాడు.

"దేవుడికి ఎదురుగా మీ ముఖాలేంటిరా? తీసెయ్ దాన్ని, ఇప్పుడే."

నోఖూ చేతులు కట్టుకునే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ ముంగిట్లో అతని గొంతు వినపడింది.

"అలాగే తీస్తానయ్యా. కాకపోతే ఈ లోయలో ఉలి పట్టేవాళ్ళంతా మావాళ్ళే. తియ్యాలంటే దేవుడు లోపలుండగానే నేను గడప దాటి రావాలి. రమ్మంటారా?"

డోళ్ళు ఆగాయి. ఊరంతా కార్దారు వైపు చూసింది. అతను రమ్మననూ లేదు, వద్దననూ లేదు.