విడిపోయినట్టు ఒక నకలు

నా పెళ్ళికి ఒక్క కాగితం కూడా అవసరం పడలేదు. పొందూరు దగ్గర మా ఊళ్ళో, మా మేనత్త కొడుకుతో, నాకు పదహారేళ్ళప్పుడు జరిగిపోయింది. భోజనాలు చేసినవాళ్ళంతా సాక్షులే. ఆ పెళ్ళి పోయిందని రుజువు చూపాల్సి వచ్చినప్పుడు మాత్రం వాళ్ళలో ఒక్కరి మాటా పనికి రాలేదు. కాగితం తెమ్మన్నారు.

తెమ్మన్నది పట్నంలో టీచర్ల ట్రైనింగు స్కూలు హాస్టలు వార్డెను. అరవైల చివరి మాట. బావ ఇంటి నుంచి వచ్చేశాక నేను ఎస్సెస్సెల్సీ పూర్తి చేసి ట్రైనింగులో సీటు తెచ్చుకున్నాను. పెళ్ళయిన ఆడవాళ్ళకి భర్త అనుమతి పత్రం ఉంటేగాని హాస్టల్లో చోటు లేదంది ఆవిడ. నాకు భర్త లేడని, కోర్టు విడాకులిచ్చిందని చెప్పాను.

"అయితే లేడని కాగితం పట్రా" అంది.

భర్త ఉంటే భర్త సంతకం కావాలి, లేకపోతే జడ్జీగారి సంతకం కావాలి. మొత్తానికి ఎవరో ఒక మగవాడు సంతకం పెట్టకుండా ఆ గుమ్మం దాటే యోగం నాకు లేదు.

మా విడాకులు కోర్టుదాకా ఎందుకు వెళ్ళాయో చెప్పాలి. మా వైపు ఇలాంటివి పెద్దమనుషులు ఒక పూట కూర్చుని తేల్చేస్తారు. మా నాన్నకీ, బావ తండ్రి అయిన మావయ్యకీ అది నామోషీ. అత్తకి పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం గురించి వాళ్ళిద్దరూ అప్పటికే ఏళ్ళ తరబడి దావా నడుపుతున్నారు. ఇద్దరికీ ప్లీడర్లున్నారు. ఉన్న ప్లీడర్లని ఖాళీగా కూర్చోబెట్టడం ఎందుకు? నేను పుట్టింటికి వచ్చేసిన ఏడాదే, నన్ను కాపురానికి పంపించాలని బావ పేరు మీద మావయ్య కేసు వేయించాడు. కోర్టు వెళ్ళమంది. నేను వెళ్ళలేదు. రెండేళ్ళు చూసి, వెళ్ళలేదు గనక విడాకులిప్పించమని మళ్ళీ ఆయనే వేయించాడు. కోర్టు ఇచ్చేసింది. పొలం దావాలో మాత్రం నాన్న ఓడిపోయాడు. ఇక జన్మలో కోర్టు మెట్లెక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. నా పనికైనా ఆ ఒట్టు తీసి గట్టున పెట్టలేదు.

అందుకని నాతో నాన్నమ్మ బయల్దేరింది. ఆ సంబంధం కుదిర్చింది ఆవిడే. కొడుకు కూతుర్ని కూతురి కొడుక్కిచ్చుకుంటే రెండిళ్ళూ గట్టిపడతాయని ఆవిడ నమ్మకం. అవి ఎంత గట్టిపడ్డాయో కళ్ళారా చూడ్డానికి, నువ్వులపొడి కలిపిన అన్నం మూటగట్టుకుని నాతో బస్సెక్కింది.

కోర్టున్న ఊరి పేరు చెప్పను. పెంకుటింట్లో కోర్టు, వెనకాల రికార్డు గది, ఆ గది ముందు ఒక బల్ల, బల్ల వెనక నకళ్ళ గుమాస్తా. దరఖాస్తు మీద స్టాంపు అంటించి ఇచ్చాను.

"దావా నంబరు వెయ్యలేదే" అన్నాడు.

"తెలీదండి. మా ప్లీడరుగారు ఊరు మారిపోయారు. ఏ సంవత్సరమో రాశాను."

"నంబరు లేకుండా ఎక్కడని వెతకమంటావమ్మా? లోపల ఎన్ని కట్టలున్నాయో చూశావా?"

"ఆ సంవత్సరం విడాకులు ఎన్నుంటాయండి?"

ఆయన వేళ్ళు మడిచి చూసుకుని, "ఒకటో రెండో" అన్నాడు.

"మరి దొరకడం తేలికే కదండీ."

"తక్కువుంటేనే కష్టం. ఎక్కువుంటే వాటికంటూ ఒక కట్ట ఉండేది."

మా జిల్లాలో ఆడవాళ్ళు సరిపడినంతమంది విడిపోకపోవడం వల్ల నాకొచ్చిన ఇబ్బంది అది. మధ్యాహ్నం కనబడమన్నాడు. వరండాలోకి వచ్చేసరికి బెంచీ మీద బావ కూర్చుని ఉన్నాడు.

విడాకులయ్యాక అతన్ని చూడ్డం అదే మొదలు. కొంచెం ఒళ్ళు చేశాడు. నన్ను చూసి లేవబోయి, లేవాలో అక్కర్లేదో తెలియక సగంలో ఆగిపోయాడు. నాన్నమ్మకి అలాంటి మొహమాటాలేవీ లేవు.

"ఏటి తిన్నావురా పొద్దుట?" అంది.

"ఏటీ నేదమ్మమ్మా. తెల్లారగట్ల బండికొచ్చీసినాను."

"రా, కూకో. అన్నం తెచ్చినాను."

మా ఇద్దరి మధ్య కూర్చుని మూట విప్పింది. బావ నావైపు చూడకుండానే, "నువ్వూ కాగితానికేనేటి?" అని అడిగాడు.

"అవును. నీకెందుకు?"

"గజపతినగరం కాడ సంబంధం కుదిరినాది. పిల్ల తండ్రికి చట్టాలు తెలుసునట. కోర్టు కాగితం కళ్ళతో సూస్తేనేగాని పిల్లనివ్వనన్నాడు."

కాపురం చేసిన ఏడాదిలో మా ఇద్దరికీ ఒకే వస్తువు ఒకేసారి కావాలనిపించిన గుర్తు లేదు. నన్ను చదువు మానిపించి అత్త చేతికింద పెట్టారు. అతనికి ఆ సంగతి పట్టలేదు. పొలం, స్నేహితులు, తల్లి చెప్పిన మాట, ఇంతే. కొట్టలేదు, తిట్టలేదు. అందుకే నేను ఎందుకు వచ్చేశానో ఎవరికీ అర్థం కాలేదు.

ముగ్గురం తింటూండగా గుమాస్తా వరండాలోకి వచ్చాడు. మమ్మల్ని చూసి తికమకపడ్డాడు.

"విడాకుల నకలు అడిగింది నువ్వే కదమ్మా? ఈయనెవరు?"

"ఎవర్నుంచి విడాకులో, ఆయనండి."

"ఇద్దరూ కలిసి వచ్చారా?"

"కలిసి రానేదండి. ఇక్కడ కలిసినాం" అన్నాడు బావ.

"ఈ పెద్దావిడ?"

"ఈడికి అమ్మమ్మని, దీనికి నాయనమ్మని బాబూ" అంది నాన్నమ్మ.

"ఒకే ఇంటివాళ్ళు. మరి గొడవేం వచ్చింది?"

రెండు కేసులు నడిచినా కోర్టు ఆవరణలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. నాన్నమ్మ బావ చేతిలో ఇంకో ముద్ద పెట్టింది. ఆయనే సర్దుకుని, కాగితం దొరికిందన్నాడు. పొలం దావా కట్టలో ఉందిట. అవే ఇంటిపేర్లు కనబడేసరికి ఎవరో దీన్నీ అందులో పెట్టి కట్టేశారు. కట్టినవాడెవరోగాని మా కుటుంబాన్ని చక్కగా అర్థం చేసుకున్నాడు. బావ చేత కూడా దరఖాస్తు రాయించుకుని, వారం పోయాక రమ్మన్నాడు.

వారం పోయాక మళ్ళీ అదే బెంచీ. చెరో నకలూ చేతికిచ్చాడు. ఇంగ్లీషులో, ముత్యాల్లాంటి అక్షరాలు, ఎర్ర సీలు. బావకి ఇంగ్లీషు అంతగా రాదు. నేను చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాను.

"ఏటని ఉన్నాదే?" అంది నాన్నమ్మ.

"నేను భర్త ఇంటికి తిరిగి వెళ్ళి అతనితో కాపురం చెయ్యాలని ఉంది."

మొదటి కేసు తీర్పు నకలు తీసి ఇచ్చాడు మహానుభావుడు. ఒకే కట్టలో పైన అదే ఉన్నట్టుంది.

నాన్నమ్మ ముఖం వెలిగింది. "సూసినావా, కోర్టోరు కూడా ఎల్లమనే అన్నారు."

"అది పాతది నాన్నమ్మా."

"పాతదైతే ఏటి? సీలు కొత్తదే కదే" అంటూ ఆ ఎర్ర సీలుని వేలితో తడిమింది.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. బావ తన నకలుని నాలుగు మడతలు పెట్టాడు. మెల్లిగా అన్నాడు.

"నీకు కావలసింది హాస్టలుకి అనుమతే కదా. మొగుడిగా నాను సంతకం పెట్టీస్తాను. ఈ తిరుగుడెందుకు నీకు?"

"నువ్వు మొగుడివని సంతకం పెడితే నీ గజపతినగరం సంబంధం ఏమవుతుంది?"

"అది నాను సూసుకుంతాను."

మంచితనంతోనే అన్నాడు. అదే కష్టంగా తోచింది. అంతకన్న తేలిక పని లేదు. ఆ సాయంత్రానికే నా పెట్టె హాస్టల్లో ఉండేది.

"వద్దు బావా. నువ్వు చదువుకోమంటే చదువుకున్నట్టవుతుంది."

"సదువుకుంతానని అప్పుడే సెప్పుంటే నానేటి కాదందునా?"

"చెప్పాను. అమ్మనడుగు అన్నావు."

అలా అన్నట్టు బావకి గుర్తుందో లేదో నాకు తెలియదు, కాదని మాత్రం అనలేదు. నాన్నమ్మ నన్నోసారి, అతన్నోసారి చూసింది. అంతవరకూ ఆవిడకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అన్నం మూట విప్పబోయినది మళ్ళీ ముడేసేసింది.

గుమాస్తా దగ్గరికి వెళ్ళి తప్పు నకలు ఇచ్చారన్నాం. ఆయన తాపీగా చూశాడు.

"తప్పేం కాదమ్మా. ఇదీ మీ కేసే."

"కానీ ఇందులో మమ్మల్ని కలిసుండమని ఉందండి."

"ఉంటే? కోర్టు మాట చెడ్డదా?"

చివరికి కొత్త స్టాంపులంటించి మళ్ళీ దరఖాస్తులు పెట్టాం. మూడోసారి వెళ్ళినప్పుడు సరైనది ఇచ్చాడు. బావ దాన్ని నాచేత చదివించుకుని, వివాహం రద్దయిందన్న వాక్యం దగ్గర వేలు పెట్టించుకుని, అక్కడ పెన్సిలుతో గీత గీసుకున్నాడు, పిల్ల తండ్రి వెతుక్కోకుండా. తన బండికి వేళవుతోందని లేచాడు. "ఎల్లొస్తానమ్మమ్మా" అన్నాడు. నాతో, "బాగా సదువుకో" అని, అనుమతిలా వినిపించిందేమోనని కాబోలు, "నీ ఇష్టం" అని కలిపాడు.

నకలు తీసుకెళ్ళి వార్డెనుకిచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్క అక్షరం వదలకుండా చదివింది.

"సరే, భర్త లేడు. అయితే తండ్రి అనుమతి పత్రం కావాలి" అంది.

నాన్న సంతకం పెట్టనన్నాడు. కోర్టు కాగితంతో ముడిపడిన ఏ కాగితం మీదా తను పెట్టనన్నాడు. అరుగు మీద పడుకుని, గోడవైపు తిరిగి చెప్పాడు ఆ మాట. అమ్మ వంటింట్లోంచి రాలేదు.

నాన్నమ్మ లోపలికెళ్ళి, నేను రాసి ఉంచిన అనుమతి పత్రం పట్టుకొచ్చింది. "ఇందులో తండ్రి అన్న కాడ కొట్టీసి నా పేరు రాయే" అంది.

"ఒప్పుకుంటారో లేదో నాన్నమ్మా."

"ఎందుకొప్పుకోదు? నీ పెళ్ళి సేసినదాన్ని నానే. ఆ రోజు పెద్దదాన్నయితే ఈ రోజు కానేటి?"

రాశాను. ఇంట్లో సిరా అయిపోయింది. బొటనవేలికి దీపం మసి రాసుకుని, నూనెచుక్క అద్దుకుని, కాగితం మీద గట్టిగా నొక్కింది. ఆరేదాకా విసనకర్రతో విసిరింది. మర్నాడు వార్డెను ఆ నల్లటి మరకని కళ్ళజోడు తుడుచుకుని చూసి, ఇంకేం అడగాలో తోచక, నాకు కిటికీ పక్క మంచం ఇచ్చింది.